రఘు గారి కుటుంబం

10 సెప్టెంబరు 2006, ఆదివారం

కొండలరావు గారు పట్టు వదల్లేదు. సంఘం మీటింగు అయిపోయి అందరూ హాలు బయట చెప్పులు వెతుక్కుంటుంటే నన్ను ఆపేశారు. "అమ్మాయ్ పూర్ణిమా, ఉర్లాలో మీ ఫ్యాక్టరీ ఆర్డర్లన్నీ కంప్యూటర్లో నువ్వే ఎక్కిస్తావట కదా. మన రాయ్‌పూర్ తెలుగు కుటుంబాల వివరాలు కూడా ఎక్కించి పెట్టు. నేను సెక్రటరీగా ఉండగా ఈ ఒక్క పనీ అయిపోతే చాలు."

కుదరదనడానికి ఏదో ఒక సాకు వెతుక్కుంటున్నాను. ఇంతలో ఆయనే అన్నారు, "మీ ఆయన రఘు కూడా కోర్బాలో సైటు పని మీద ఉన్నాడు కదా, ఆదివారాలు నీకూ టైమ్‌పాస్."

ఒళ్ళు మండిపోయింది. నాకు టైమ్ పాస్ అవటం లేదని ఈయనకి ఎవరు చెప్పారు? అంత కోపం వచ్చినదాన్ని "సరేనండీ" అనేసి వచ్చాను. నా సంగతి నాకే అర్థం కాదు.

పెద్ద పనేం కాదులే. ఆఫీసులో పైన ఆర్డరు, కింద సబ్‌ఫామ్ అనే చిన్న డబ్బాలో దానికి కావలసిన ప్లేట్లూ బోల్టులూ. ఇక్కడ పైన ఇంటి పెద్ద, కింద ఇంట్లో వాళ్ళు. అదే చెప్పాను ఆయనకి: "పైన మీ పేరొస్తే కింద డబ్బాలో మీవాళ్ళే కనిపిస్తారండి. పైన పేరు మారితే కింద మనుషులు మారిపోతారు." "ఓహో, రేషన్ కార్డులాగా" అన్నారు. మనిషి తెలివైనవాడే.

కోర్బాలో వానలట. టీవీలో చెప్పారు. రఘు గొడుగు ఇక్కడే ఉండిపోయింది.

చీకటి పడుతుంటే కింద వాటాలోంచి రమణమ్మ పిన్ని రోజూలాగే మెట్ల దగ్గర నిలబడి కేకేసింది. "ఒలే పూర్ణీ, అన్నం తిన్నావేటి?" తిన్నాను పిన్నీ అన్నాను. తినలేదు. ఒక్కదానికి కుక్కరు పెట్టడమంటే చిరాకు.


13 సెప్టెంబరు

రఘు ఫోన్ చెయ్యలేదు. సైటులో పని ఎక్కువ.


17 సెప్టెంబరు, ఆదివారం

ఇవాళ నవ్వీ నవ్వీ కడుపు నొప్పొచ్చింది.

సంఘం హాల్లో ఓ మూల ఆ ముసలి కంప్యూటరు. పొద్దున్నుంచి కూర్చుని రిజిస్టర్లలో ఉన్న పేర్లన్నీ టైపు చేసేశాను. ఫామ్ తయారుచేసి, సబ్‌ఫామ్ అందులో పెట్టి తెరిచాను కదా, పైన కొండలరావు గారి పేరు, కింద ఊరంతా! ఇంకో ఇంటికి వెళ్ళాను. అక్కడా ఊరంతా. ఏ ఇల్లు తెరిచినా అందరూ ఉన్నారు. రెండు డబ్బాలకీ లింకు పెట్టడం మర్చిపోయాను, తింగరిదాన్ని. పైనున్న సభ్యత్వం నంబరూ కిందున్న నంబరూ ఒకటేనని చెప్తేగాని, ఎవరు ఎవరింటి మనుషులో దానికేం తెలుస్తుంది?

సరిచేసే ముందు మా ఇల్లు తెరిచి చూశాను. పైన రఘు. కింద 'సంబంధం' అన్న గడిలో భార్య, కొడుకు, భార్య, కోడలు, భార్య, భార్య... జరుపుతున్నకొద్దీ భార్యలే. నువ్వు సామాన్యుడివి కాదురా బాబూ అనుకున్నాను. హాల్లో నేను తప్ప ఎవరూ లేరు, నా నవ్వు నాకే పెద్దగా వినపడింది.

కాసేపు అలాగే ఉంచాను. మా ఇంట్లో అంతమంది ఉండటం బాగుంది.

తరవాత లింకు పెట్టాను. కింద ఒక్క వరుస మిగిలింది: పూర్ణిమ, భార్య. దాని కింద చుక్క గుర్తుతో ఖాళీ వరుస. ఇంకా ఎవరైనా ఉంటే రాయండి అని, అది అందరిళ్ళలోనూ ఉంటుంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళ నుంచి ఆ మాటే అందరూ నోటితో అడుగుతున్నారు, ఇప్పుడు ఇది కూడా.


26 సెప్టెంబరు

ఆఫీసులో మహేంద్ర భయ్యా గొడవ. పర్చేజు చూసే మనిషి, ఫామ్ తెరిచి తిన్నగా కింద సామాన్ల పేర్లు టైపు కొట్టేస్తున్నాడు. అది తీసుకోదు. "పూర్ణిమా జీ, యే లేతా క్యోఁ నహీఁ?" ఇది ఎందుకు తీసుకోదని నా మీద అరుపు. పైన ఆర్డరు ఖాళీగా వదిలేసి కింద ఎన్ని రాస్తే ఏం లాభం భయ్యా, పైన ఒక నంబరు పుడితేగా ఇవి దానికి తగులుకునేది అని, పోయిన వారం చెప్పిందే మళ్ళీ చెప్పాను.

కోపం తగ్గాక టీ తెప్పించాడు. భాయ్‌సాబ్ ఎప్పుడొస్తున్నారని అడిగాడు. దసరాకి అన్నాను.


2 అక్టోబరు, దసరా

రాలేదు. కోర్బా నుంచి వచ్చి వెళ్ళడానికే సెలవు సరిపోదు, ఎవరు మాత్రం వస్తారు? దీపావళికి వస్తాడు. నీలం చొక్కా ఇస్త్రీ చేయించి తగిలించాను.

పిన్ని చక్కెర పొంగలి తెచ్చింది. మెట్లెక్కలేక ఆయాసపడుతూ గుమ్మంలోంచే గిన్నె అందించి, లోపలికి తొంగిచూసింది. రఘు చెప్పులు ఎప్పుడూ ఉండే చోట ఖాళీ. ఏమీ అడగలేదు.


8 అక్టోబరు, ఆదివారం

డేటాబేసు పూర్తయింది. ఇళ్ళ టేబులుకీ మనుషుల టేబులుకీ గట్టి సంబంధం కూడా కలిపాను. ఆ కిటికీలో ఒక గడి అడుగుతుంది, పై రికార్డు తీసేస్తే దాని కిందవి కూడా తీసెయ్యమంటావా అని. టిక్కు పెట్టేశాను. చెయ్యి అలవాటు. ఉర్లాలో ఎప్పుడూ పెట్టేదే, ఆర్డరు క్యాన్సిలయ్యాక దాని బోల్టులు మిగిలిపోతే సేఠ్ ఊరుకోడు.

కొండలరావు గారికి కొత్త పేరు ఎలా చేర్చాలో, ఉన్నది ఎలా తియ్యాలో చూపించాను. చంటిపిల్లాడిలా మురిసిపోయారు. "ఇంక నేనే చూసుకుంటాలే అమ్మాయ్, నువ్వు రెస్టు తీసుకో."

రెస్టా. వచ్చే ఆదివారం ఏం చెయ్యాలో ఇప్పట్నుంచే ఆలోచించుకోవాలి.


21 అక్టోబరు, దీపావళి

రఘు ఫోన్ చేశాడు.


22 అక్టోబరు

ఇల్లంతా సర్దాను. అటక కూడా దులిపాను.


23 అక్టోబరు

సెలవు పెట్టాను. తలనొప్పి అని చెప్పాను. "ఒలే పూర్ణీ, తిన్నావేటి?" తిన్నాను పిన్నీ.


25 అక్టోబరు

రాస్తాను. నా డైరీలో నేను రాసుకోడానికి భయమేంటి?

"పూర్ణీ, సైటులో సెలవులున్నాయి. నేనే రావట్లేదు" అన్నాడు. బయట టపాకాయలు మోగుతున్నాయి. "ఇంటికి రావాలనిపించట్లేదు. చాన్నాళ్ళ నుంచి అంతే. నీ తప్పేం లేదు." ఏమిటీ అని అడిగాను, వినపడక కాదు. మళ్ళీ అవే మాటలు అదే వరుసలో చెప్పాడు. బట్టీ పట్టి ఉంటాడు.

ఎవరైనా ఉన్నారా అని అడిగాను. లేరన్నాడు. అబద్ధం కాదు, ఆ మనిషికి అబద్ధం చేతకాదు. ఎవరో ఒకర్తి ఉన్నా బాగుండేది. తిట్టుకోడానికి ఒక మనిషి దొరికేది, జుట్టు పట్టుకుని లాగుదునని ఊహించుకునేదాన్ని. ఎవరూ లేకుండా, ఖాళీ గదిలో ఒక్కడూ ఉండటమే నాతో ఉండటం కన్నా నయమనిపించిందంటే నేనేం చెయ్యను? ఏడుపొచ్చింది. ఇప్పుడూ వస్తోంది. థూ, వెధవ జన్మ.

అయినా కార్తీక వనభోజనాలకి వస్తాడు. దానికి మాత్రం ఏ ఏడూ మానలేదు. భోజనాలకి ముందు సెక్రటరీ మైకులో ఒక్కొక్క కుటుంబాన్నీ పిలవడం, వాళ్ళు లేచి నిలబడి మేం ఫలానా, మాది ఫలానా ఊరు అని చెప్పుకోవడం అంటే రఘుకి భలే సరదా. "మాది బొబ్బిలండీ, ఈవిడ మా హోమ్ మినిస్టర్" అంటాడు. ప్రతిసారీ అదే జోకు, ప్రతిసారీ అందరూ నవ్వుతారు. వెనకాల నేను నిలబడి ఉంటాను. వస్తాడు. నాకోసం కాకపోయినా దానికోసం వస్తాడు.

నేనొక్కదాన్నే ఎలా లేస్తాను, అంతమందిలో?


1 నవంబరు

రాజ్యోత్సవ్, రాష్ట్రం పుట్టినరోజు సెలవు. వనభోజనాల కార్డులొచ్చాయి, పన్నెండో తేదీ ఆదివారం, అభన్‌పూర్ రోడ్డులో ఎవరిదో తోట. నా కార్డు మీద 'శ్రీ రఘు గారు మరియు కుటుంబం'. కంప్యూటరు అచ్చు, నేను పెట్టిన అక్షరాలే.

కార్డు పట్టుకుని కిందకి దిగాను. పిన్ని గుమ్మంలో కూర్చుని వత్తులు చేసుకుంటోంది. నీ కార్డేది పిన్నీ అన్నాను.

"రాలేదు."

"ఇక్కడికొచ్చి నాకిచ్చి, నీకివ్వకుండా ఎలా వెళ్తాడు ఆ పంచే కుర్రాడు?"

"అడిగాను. లిస్టులో లేదన్నాడు ఆ గుంటడు." వత్తి నలుపుతూనే ఉంది. "మీ బాబాయి సంవత్సరీకం అయిపోయింది కదే. మొగుడు పోయినదాన్ని పండగకి ఎవులు పిలుస్తారు? శుభమా అని సేసుకుంటారు గదా."

సత్తిరాజు బాబాయి ఈ సంఘం పుట్టినప్పట్నుంచీ ఉన్నాడు. గార్డు డ్యూటీ దిగి, యూనిఫారంలోనే వచ్చి వనభోజనాల్లో వడ్డన చేసేవాడు. పులిహోర పిన్నిదే. ఆవిడకి కార్డు లేదా! పిన్ని ఏడవలేదు. అందుకే నాకు ఇంకా మండింది.


2 నవంబరు

ఆఫీసు నుంచి తిన్నగా కొండలరావు గారింటికే వెళ్ళాను. కాఫీ వద్దన్నాను. "విధవరాళ్ళని పిలవకూడదని కమిటీలో తీర్మానం చేశారా అండీ? ఏ శాస్త్రంలో ఉంది? పులిహోర కలిపించుకునేటప్పుడు ఆ శాస్త్రం ఎక్కడికెళ్ళింది?" ఇంకా చాలా అన్నాను. వాళ్ళావిడ వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడిపోయింది.

ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "శివ శివ! నేనెందుకంటానమ్మా ఆ మాట? రమణమ్మ గారు లేకుండా వనభోజనాలా! పోయినాయన పేరు మీద కార్డెందుకు, బాగుండదని సత్తిరాజు గారి పేరొక్కటే తీశాను. నువ్వు నేర్పినట్టే తీశాను. అదేదో ఇంగ్లీషులో అడిగింది, ఎస్సు నొక్కాను."

నేను పెట్టిన టిక్కు! బాబాయి పేరు తీస్తే, ఆయన కిందున్న పిన్నిని కూడా తీసుకుపోయింది. నా ఆర్డరూ నా బోల్టులూ. ఇద్దరం హాలుకి పరిగెత్తి చూశాం. ఈ నెల రోజుల్లో ఆయన అలా తీసినవి ఇంకా ఉన్నాయి. పిన్ని కాక ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు లేరు.

ఆయన తల పట్టుకున్నారు. ఆ తల నాది అవ్వాలి నిజానికి.


3 నవంబరు

పిన్నికి చెప్పాను. అది కొండలరావు గారు చేసింది కాదు పిన్నీ, నేను చేసింది, ఇంటి పెద్ద పేరు తీస్తే కింద వాళ్ళు కూడా పోయేలా కంప్యూటర్లో పెట్టేశాను, తెలిసి కాదు అన్నాను.

పిన్ని నా మొహంలోకి చూసింది. "దానికి కంప్యూటరెందుకే గుంటా? అందరూ అలగే సేస్తారు."

మళ్ళీ తనే అంది, "మరి నీ సంగతేటి?"

"నా సంగతేంటి?"

"దసరాకి రాలేదు, దీపావళికి రాలేదు. ఆ రోజు ఫోనులో నువ్వు 'ఏమిటీ, ఏమిటీ' అని అరుస్తుంటే కింద నాకు ఇనిపించలేదేటి? అడగలేదని తెలీదనుకోకు."

"సైటులో పని ఎక్కువ పిన్నీ" అని లేచి వచ్చేశాను. కనీసం ఇద్దామని తీసుకెళ్ళిన దసరా గిన్నె కూడా ఇవ్వకుండా.


5 నవంబరు, ఆదివారం, పున్నమి

హాలు. ముందు ఆ టిక్కు తీసేశాను. తరవాత లిస్టులోంచి పోయిన నలుగురు ఆడవాళ్ళనీ మళ్ళీ ఎక్కించాను, ఈసారి పైనే. ఇంటి పెద్ద: రమణమ్మ. మొదట్నుంచీ ఉన్న మనిషికి కొత్త నంబరు, లిస్టులో చిట్టచివర. పాత నంబరు మళ్ళీ ఇవ్వనంటుంది ఇది, ఒకసారి పోతే పోయినట్టే.

ఆపైన మా ఇల్లు తెరిచాను. పైన రఘు, కింద నేను, నా కింద చుక్క గుర్తు. చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి కోపం ముంచుకొచ్చింది. రావాలనిపించట్లేదా? అయితే పో అని డిలీట్ నొక్కాను.

ఒప్పుకోలేదు. కింద మనిషి ఉండగా పై మనిషిని తియ్యడం కుదరదట. టిక్కు తీసిన మహిమ. అంటే అతను పోవాలంటే ముందు నేను కదలాలి. నేను కదలాలంటే నాకు వెళ్ళడానికి ఒక చోటుండాలి.

కొత్త ఫామ్ తెరిచాను. తెల్లగా వచ్చింది. 'ఇంటి పెద్ద' గడి దగ్గర కర్సరు కొట్టుకుంటోంది. మహేంద్ర భయ్యాకి ఎన్నిసార్లు చెప్పాను, పైన ఏదో ఒకటి రాస్తేగాని పని ముందుకెళ్ళదని! నా పేరు కొట్టడానికి ఎంతసేపు పట్టిందో రాయను, సిగ్గుచేటు. పూర్ణిమ. ఊరు విజయనగరం. నంబరు పుట్టింది, పిన్ని వాళ్ళ తరవాత, అందరికన్నా ఆఖరు.

ఆ నంబరు తీసుకెళ్ళి నా పాత వరుసలో రాసి, మళ్ళీ రఘు ఇల్లు తెరిచాను. రఘు ఉన్నాడు. కింద ఎవరూ లేరు. చుక్క గుర్తు వరుస ఒక్కటే.

ఇప్పుడు తీసెయ్యొచ్చు. తియ్యలేదు. అది కొండలరావు గారి పని, నాది కాదు. కొత్త ఫామ్‌లో పెద్దా నేనే, కిందున్న వరుసలోనూ నేనే. 'సంబంధం' గడిలో భార్య అని పాతది అలాగే వచ్చింది. దాన్ని చెరిపాను. ఏం రాయాలో తెలియక ఆ వరుసే తీసేశాను.

ఇంటికొచ్చేసరికి పిన్ని తులసికోట దగ్గర దీపాలు వెలిగిస్తోంది. నా చేతికి ఒక వత్తి ఇచ్చింది. వెలిగించాను.


11 నవంబరు

రేపే. నీలం చొక్కా ఇంకా కొక్కేనికే ఉంది. ఒంట్లో బాగోలేదని మానేస్తే?

మానితే పిన్ని బస్సెక్కలేదు, తోడు కావాలి.


12 నవంబరు, ఆదివారం

బస్సులోంచి దిగుతూనే గేటు దగ్గర చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. లేడు.

ఉసిరిచెట్టు కింద పూజ అయింది. జంపఖానాల మీద అందరూ కూర్చున్నారు. కొండలరావు గారు మైకు తీసుకుని, అచ్చు వేసిన లిస్టు పట్టుకుని మొదలుపెట్టారు. ఒక్కో కుటుంబం లేస్తోంది, మాది పలాస, మాది కరీంనగర్, చప్పట్లు, పిల్లల పేర్లు, మళ్ళీ చప్పట్లు.

"రఘు గారి కుటుంబం!"

ఎవరూ లేవలేదు. "రఘు గారి కుటుంబం" అని మళ్ళీ పిలిచి, ఆయన నాకోసం వెతికారు. తలలన్నీ ఇటు తిరిగాయి. "ఏమ్మా పూర్ణిమా, రఘు రాలేదా?"

సైటులో పని ఎక్కువ. నాలుక చివరే ఉంది ఆ మాట, ఇన్ని నెలలుగా అరిగిపోయిన మాట. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"రాడండి."

"ఈసారి కుదర్లేదా?"

"కుదరక కాదండి. రాడు."

మైకులో ఆయన గొంతు సవరించుకోవడం వినపడింది. పక్కనున్నావిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది, ఎవరో కూడా తెలియదు. ఆయన తరవాత పేరు చదివారు. అంతే. ఆకాశం ఊడి పడలేదు, పులిహోర పాడైపోలేదు.

లిస్టు ఆఖరికి వచ్చేసరికి సగంమంది విస్తళ్ళవైపు చూస్తున్నారు. "రమణమ్మ గారి కుటుంబం!" పిన్ని నా భుజం ఊతగా పట్టుకుని లేచింది. మైకు అందిస్తే వద్దంది. "నాను రమణమ్మని. మాది చీపురుపల్లి. సత్తిరాజుగారి పెళ్ళాన్ని. ఆయన లేడు, నానున్నాను." ఎప్పుడూ లేనన్ని చప్పట్లు.

పిన్ని కూర్చోలేదు. కొండలరావు గారు ఆగారు. "మీది అయిపోయిందండీ రమణమ్మ గారూ, కూర్చోండి."

"మోకాళ్ళు నాయనా. ఇప్పుడు కూకుంటే మళ్ళీ లెగలేను. తరవాత పూర్ణి కోసం ఎలగూ లెగాల కదా? నువ్వు సదువు."

నేను పిన్నికి చెప్పలేదు. నా పేరు పైన రాసుకున్నానని ఎవరికీ చెప్పలేదు. ఆయన కాగితం కేసి చూసి, నాకేసి చూసి, చదివారు: "పూర్ణిమ గారి కుటుంబం."

లేచాను. పిన్ని చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. మాది విజయనగరం అన్నాను, ఇంకేం చెప్పాలో తోచలేదు. "అంతేనా?" అన్నారెవరో వెనకనుంచి. "అంతేటి, నాను లేనేటి?" అంది పిన్ని. నవ్వారు అందరూ. నేనూ నవ్వబోయి ఏడ్చేశాను.


13 నవంబరు

ఆఫీసు మామూలే. నీలం చొక్కా మడతపెట్టి ట్రంకులో వేశాను. రేపో ఎల్లుండో కోర్బా ఎవరైనా వెళ్తుంటే గొడుగుతో పాటు పంపిస్తాను.

ఇంట్లో ఏ శబ్దమూ లేదు. ఇదింతే కాబోలు, అలవాటవ్వాలి.

ఇప్పుడే కింద నుంచి కేక. "ఒలే పూర్ణీ, అన్నం తిన్నావేటి?"

"లేదు పిన్నీ, వస్తున్నా" అన్నాను.

తరవాత కింద ఇంకో కంచం తీసిన చప్పుడు. వెళ్ళాలి, చల్లారితే తిడుతుంది.